గోడమీది సత్యభామ

తెనాలిలో మా పుట్టింటి సావిట్లో, గడియారం పక్కన, ఒక ఫోటో ఉండేది. అందులో ఒక అందగత్తె. పట్టుచీర, వడ్డాణం, ముందుకు వేసుకున్న వాలుజడ, ఓరచూపు. చిన్నతనంలో ఆవిడ ఎవరో మా బంధువులావిడ అనుకునేదాన్ని. ఊహ తెలిశాక ఒకనాడు నాన్నగారిని అడిగితే ఆయన పకపకా నవ్వి, "ఆవిడ కాదే పిచ్చిపిల్లా, ఆయన! స్థానం నరసింహారావుగారు. సత్యభామ వేషంలో ఉన్నారు" అన్నారు.

నేను నమ్మలేదు. స్టూలెక్కి దగ్గరగా చూశాను. ఎంత వెతికినా ఆ ముఖంలో మగవాడు కనపడలేదు.

నాన్నగారు పోయారు. ఇల్లు అమ్మేశాం. తమ్ముడు హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు ఆ ఫోటోను పాతచీరలో చుట్టి భద్రంగా తీసుకుపోయి హాల్లో తగిలించాడు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి, "ఎవరో చెప్పుకోండి చూద్దాం" అంటాడు. వాళ్ళు ఏ పాతకాలపు సినిమాతార పేరో చెబితే వాడి సంబరం ఇంతా అంతా కాదు.

మొన్న మాఘమాసంలో వాడు ఆ ఫోటో కిందనే నిలబడి కన్నకొడుకును "ఆడంగి వెధవా!" అన్నాడు. నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అప్పటినుంచీ ఆ మాట నన్ను వదలలేదు. అందుకే ఇది వ్రాస్తున్నాను.

ముందు మావాడి సంగతి చెప్పాలి. ఇరవై ఏడేళ్ళవాడు. ఇంజనీరింగు చదివాడు. రెండేళ్ళు ఒక కంపెనీలో చేశాడు, మానేశాడు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ యూట్యూబ్‌లోనూ వీడియోలు పెడతాడు. బట్టల కంపెనీలకు మోడలుగా ఫోటోలు దిగుతాడు. "ఇదీ ఒక ఉద్యోగమేనా?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. నేనూ అడిగాను. వాడు ఫోను తీసి లెక్క చూపించాడు. ఒక నెల నేను టీచరుగా రిటైరయిననాటి జీతంకంటె ఎక్కువ ఉంది. మరుసటి నెల ఇంటి అద్దెకు కూడా చాలదు. "వ్యవసాయంలాంటిదే అత్తయ్యా, వాన పడితే పడ్డట్టు" అని నవ్వాడు.

కాని మా తమ్ముడి బాధ డబ్బు గురించి కాదు. వాడి వాలకం గురించి. భుజాలదాకా జుట్టు, చెవులకు పోగులు, కళ్ళకు సన్నగా కాటుక. ఒకనాడు లుంగీ కట్టి దానిమీద జరీ అంచు చొక్కా వేస్తాడు. మరొకనాడు కోటూ పంట్లామూ తొడిగి మెళ్ళో ముత్యాలదండ వేస్తాడు. చూసినవాళ్ళకు మొదటి క్షణంలో అబ్బాయో అమ్మాయో తెలియదు. అలా తెలియకపోవడమే వాడికి కావలసింది. దీన్ని ఇంగ్లీషులో 'ఆండ్రోజినీ' అంటారు. గ్రీకు భాషలో పురుషుడికి ఉన్న మాటా, స్త్రీకి ఉన్న మాటా కలిపి కుట్టిన మాట అది. మనకు అర్ధనారీశ్వరుడున్నాడు గదా అంటారేమో. ఉన్నాడు, గుడిలో. ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో నేను చెబుతున్నాను.

మా మేనకోడలి పెళ్ళిపనులకని రెండు వారాలు ముందుగా వెళ్ళిన నాకు వాడి గదిలోనే పక్క వేశారు. అందువల్ల వాడు వీడియో తీసుకోవడం దగ్గరుండి చూశాను. మూడుకాళ్ళ స్టాండుకు ఫోను బిగించాడు. దాని చుట్టూ పెద్ద గాజులాగా గుండ్రటి దీపం. ముఖం మధ్యగా గీత గీసుకున్నట్టు పని మొదలుపెట్టాడు. ఎడమ కనుబొమ తిన్నగా, దట్టంగా దిద్దాడు. కుడి కనుబొమ సన్నగా, విల్లులా వంచాడు. ఎడమవైపు దవడ అంచున ముదురురంగు పొడి అద్దితే దవడ పలకగా తేలింది. కుడివైపు అదే పొడి చెంపఎముక కింద అద్ది, దవడ అంచు మెత్తబరిస్తే ముఖం కోలగా మారింది. ముక్కూ మూతీ అవే. ఒక్క ఎముకా కదలలేదు. నా కళ్ళముందే ఒకే ముఖంలో అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కూర్చున్నారు.

"చూశావా అత్తయ్యా, మనం మగతనం, ఆడతనం అనుకునేదాంట్లో ఎంత భాగం ఉత్త నీడో!" అన్నాడు.

ఒక్క నిముషం వీడియో. దానికి నాలుగు గంటలు పట్టింది. మధ్యలో వంటింట్లో కుక్కరు ఈలవేస్తే మళ్ళీ మొదటికి వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చీకట్లో అయితే సిగ్గు ఉండదని, మనసులో ఉన్నది అడిగేశాను.

"నాకు తిన్నగా చెప్పరా. నీకు ఆడపిల్లవైపోవాలని ఉందా?"

"లేదత్తయ్యా. కొందరు ఉంటారు. పుట్టినప్పుడు అబ్బాయి అని వ్రాసుకున్నా వాళ్ళు లోపల ఆడపిల్లలే. వాళ్ళకది సరదా కాదు, ఫ్యాషనూ కాదు. నా సంగతి వేరు. నన్ను వాడు అనే పిలువు. కాని మగవాడంటే ఇలాగే ఉండాలి అని గీసిన గడిలో నేను పట్టను. అంతే."

లేచి కూర్చుని ఫోనులో ఒక మోడలు ఫోటోలు చూపించాడు. పేరు ఆండ్రేయా పెజిచ్. 1991లో బోస్నియాలో పుట్టింది. అక్కడ యుద్ధం రేగితే కుటుంబం సెర్బియాలో శరణార్థులుగా తలదాచుకుని, 2000లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ చేరుకుంది. అప్పటికి లోకం దృష్టిలో అబ్బాయే. 2011లో పారిస్‌లో జాన్ పాల్ గోల్టియే అనే ప్రసిద్ధ దర్జీ మగవాళ్ళ బట్టల ప్రదర్శనలోనూ నడిపించాడు, ఆడవాళ్ళ బట్టల ప్రదర్శనలో చిట్టచివర పెళ్ళికూతురు వేషంలోనూ నడిపించాడు. అదే ఏడు ఒక పత్రిక అట్టమీద చొక్కా లేని ఫోటో వేస్తే, అమెరికాలో పెద్ద పుస్తకాల షాపులవాళ్ళు చూసేవాళ్ళు ఆడపిల్ల అనుకుంటారని భయపడి పత్రికను ప్లాస్టిక్ సంచిలో మూసి అమ్మారట. మగవాడు చొక్కా విప్పితే తప్పులేదు గదా, మరి ఆ సంచీ ఎందుకు? ముఖం చూసి! 2014లో ఆ మోడలు తాను స్త్రీనే అని లోకానికి చెప్పింది.

"నేనూ అదే దారిలో పోతానని కాదు. ఒకే రకం వాలకం వెనకాల ఎన్ని రకాల మనసులుంటాయో చూడు. బట్ట చూసి మనిషిని తేల్చేస్తే ఎలా?" అన్నాడు.

"మరి నీకీ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందిరా? ఈ పరాయిదేశంవాళ్ళను చూసేనా?"

"పరాయిదేశం ఎందుకత్తయ్యా? ఇరవై ఏళ్ళు ఆ ఫోటోకింద కూర్చుని అన్నం తిన్నవాణ్ణి!"

నాకు మాట పెగల్లేదు.

స్థానంవారి కథ మా నాన్నగారు నాకు ఎన్నోసార్లు చెప్పారు. ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో ఒకనాడు హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కట్టవలసిన మనిషి రాకపోతే ఆ వేషం ఆయన కట్టారు. అంతే, తర్వాత తెనాలి రామవిలాస సభలో సత్యభామ అయ్యారు, రోషనార అయ్యారు, మధురవాణి అయ్యారు. ఆయన చీరకట్టు చూసి మంచి మంచి ఇళ్ళ ఆడవాళ్ళు కట్టు నేర్చుకునేవారని చెప్పుకునేవారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారిని నేనే కళ్ళారా చూశాను, కాలేజీలో ఉండగా. భామాకలాపంలో మొదట తెర. తెరమీదుగా జడ ఒక్కటే కనపడింది. ఇంకా ముఖం కనపడలేదు, ఆ జడకే చప్పట్లు! తెర తీశాక మా అమ్మ నా చెవిలో, "నువ్వూ ఉన్నావు ఎందుకూ, ఆ నడక చూసి నేర్చుకో" అంది. ఆయనకూ 1970లో పద్మశ్రీ వచ్చింది. 2012లో పోయారు.

ఈ మాటే మర్నాడు తమ్ముడితో అన్నాను. వాడు మండిపడ్డాడు. "ఆ మహానుభావులకూ వీడికీ పోలికా అక్కయ్యా? వాళ్ళది కళ. నాటకం అయిపోగానే రంగు కడుక్కుని పంచె కట్టుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు. వీడు రంగు వేసుకుని బజారుకు వెళతాడు!"

తోసెయ్యదగ్గ మాట కాదది. నిజంగానే తేడా ఉంది. ఆనాడు మగవాళ్ళు ఆడవేషాలు కట్టడానికి ఒక కారణం, సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కనివ్వకపోవడం. ఆ వేషాల వెనుక మన ఆడవాళ్ళకు మూసిన తలుపు ఒకటి ఉంది. కాబట్టి ఆ రోజులన్నీ బంగారమనీ, ఆడామగా తేడా లేకుండా అందరూ ఉదారంగా ఉన్నారనీ నేను అనను.

తమ్ముడి మాట వాడికి చేరవేస్తే వాడు కోప్పడలేదు. "నాన్న చెప్పింది నిజమే అత్తయ్యా. ఆయన కడుక్కోవడానికి వేసుకున్నారు. నేను కడుక్కున్నా ఇలాగే ఉంటాను" అన్నాడు.

తెరకు ఇవతల ఒక న్యాయం, అవతల మరొక న్యాయం. ఇది మా తమ్ముడు ఒక్కడి బుద్ధి కాదండీ. ఒకప్పుడు చట్టమే అలా ఉండేది. స్థానంవారు తెనాలిలో చీరకట్టి జేజేలు అందుకుంటున్న రోజులకు కాస్త అటూ ఇటూగా, ఫస్లీ 1329లో, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నపుంసకులని ముద్రవేసిన వాళ్ళ పేర్లు ప్రభుత్వం పుస్తకంలో ఎక్కించుకునేది. వాళ్ళు ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళదాకా జైల్లో పెట్టవచ్చు. రంగస్థలంమీద చీర కడితే పద్మశ్రీ, వీధిలో కడితే ఖైదు! ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది ఎప్పుడనుకున్నారు? 2023 జులైలో. అంతకుముందే, 2014 ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది: మనిషి తాను స్త్రీయో పురుషుడో మరొకరో అన్నది మాటలోనూ దుస్తుల్లోనూ నడవడిలోనూ చూపుకోవడం రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని.

కోర్టులు చెప్పినంతమాత్రాన ఇళ్ళల్లో మాటలు మారవు గదా. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని. అందుకని నా ధ్యాసంతా ఆ మాటమీదకే పోయింది. ఆడంగి.

1971లో నాకు టైఫాయిడ్ వచ్చి జుట్టంతా ఊడిపోతే మగపిల్లాడిలా కత్తిరించారు. నాన్నగారి సైకిలెక్కి, ఆయన చేతిగడియారం పెట్టుకుని కాలేజీకి వెళ్ళేదాన్ని. వీధిలోవాళ్ళు "మగరాయుడే!" అనేవారు. అందులో కాస్త ఎత్తిపొడుపు ఉండేది, కాదనను. కాని ఆ వెనకాలే ఒక మెచ్చుకోలూ ఉండేది. నాన్నగారు మీసం దువ్వి, "ఇది నా పెద్దకొడుకండీ" అనేవారు. నేను పొంగిపోయేదాన్ని.

ఇప్పుడు చూడండి. "నా కూతురు కొడుకులాంటిది" అని ఎంతమంది తండ్రులు గర్వంగా చెప్పుకోలేదు! "నా కొడుకు కూతురులాంటివాడు" అని చెప్పుకున్న తండ్రిని ఒక్కణ్ణి చూపించండి. ఆడపిల్ల మగవాడిలా ఉంటే మెట్టు ఎక్కినట్టు, మగపిల్లవాడు ఆడదానిలా ఉంటే మెట్టు దిగినట్టు! అంటే ఆ కింది మెట్టుమీద ఉన్నది ఎవరు? మనమే గదమ్మా. నేనూ, మా మరదలూ, పెళ్ళికూతురూ. తమ్ముడు కొడుకును తిట్టడానికి వెతికి వెతికి పట్టుకున్న తిట్టు మేమే! ఈ సంగతి తట్టాక నాకు మావాడిమీద జాలి పోయి, నామీద నాకే కోపం వచ్చింది. బళ్ళో ఏ పిల్లవాడైనా ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేమిరా" అని నేను ఎన్నిసార్లు అనలేదు!

ఆ మాటలు ఎక్కడిదాకా పోతాయో కూడా చూశాను. మావాడి వీడియోల కింద జనం వ్రాసినవి ఒకరోజు చదివాను. నలభై చదివి కళ్ళజోడు తీసేశాను. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు, మన తెలుగువాళ్ళే, తల్లినీ తండ్రినీ కలిపి వ్రాశారు. "అన్నీ ఇలాంటివే కాదులే" అని వాడు వేరేవి చూపించాడు. ఎక్కడో చిన్నవూళ్ళో ఉన్న ఒక కుర్రవాడు, "అన్నా, నేను ఒక్కణ్ణే ఇలా ఉన్నాననుకున్నాను" అని వ్రాశాడు. "ఈ ఒక్కదానికోసం ఆ నలభై భరించవచ్చు" అన్నాడు మావాడు. అందరూ భరించగలరా? 2023 దీపావళికి మన దేశంలోనే ఒక పదహారేళ్ళ పిల్లవాడు చీర కట్టుకుని వీడియో పెడితే వేలమంది విరుచుకుపడ్డారు. కొద్దిరోజులకే ఆ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. వాడి తల్లి మాట తలచుకుంటే నాకు ముద్ద దిగదు.

ఆ సంగతి తమ్ముడికి చెప్పాను. వాడు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు. చివరికి, "వియ్యాలవారి ముందు నేను తలెత్తుకోలేను అక్కయ్యా. జుట్టు కత్తిరించుకోమను. లేకపోతే పెళ్ళికి రావద్దను" అన్నాడు.

వాడు ఆ మాట అన్నది గుమ్మం దగ్గర నిలబడ్డ మా మేనకోడలు విన్నది. అది పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. "నా జడ అన్నయ్యే వెయ్యాలి నాన్నా. అన్నయ్య రాకపోతే నేను పీటలమీద కూర్చోను" అని లోపలికి వెళ్ళిపోయింది. మా మరదలు ఒక్కమాటా అనలేదు గాని, ఆ పూట ఆయనకు అన్నం వడ్డించలేదు.

పెళ్ళికి మావాడు వచ్చాడు. జుట్టు కత్తిరించుకోలేదు. వెనక్కి దువ్వి ముడివేసుకున్నాడు. చెవులకు పోగులు, సన్నని కాటుక, జరీపంచె, లాల్చీ. ముత్యాలదండ మాత్రం ఇంట్లో వదిలేశాడు. "నాన్నకోసం దండ, నాకోసం కాటుక. లెక్క సరిపోయింది" అన్నాడు నాతో.

కుర్రకారు మూలన చేరి ఇకిలించారు, లేదనను. కాని మా పెదనాన్నగారు, తొంభై ఏళ్ళాయన, వాణ్ణి దగ్గరికి పిలిచి తేరిపార చూసి, "అచ్చం మా తాతలా ఉన్నావురా!" అన్నారు. నిజమే! ఆ తాతగారికి సిగముడి ఉండేది, చెవులకు ఒంటిరాయి పోగులుండేవి. వాళ్ళబ్బాయి మొదటిసారి క్రాపు చేయించుకుని వస్తే ఇంట్లో శోకాలు పెట్టారట. మగవాడి వాలకం ఇదీ అని మనం పట్టుకు వేళ్ళాడుతున్నది మహా అయితే రెండు మూడు తరాల ముచ్చట.

ఇక పూలజడ. మాఘంలో మల్లెలు ఎక్కడివి? లిల్లీలూ కనకాంబరాలూ మరువమూ తెప్పించి, రాత్రంతా కూర్చుని అట్టమీద వరసగా కుట్టాడు. తెల్లవారుజామున చెల్లెలి వెనక పీట వేసుకుని నాగరం పెట్టి, జడ అమర్చి, చివర కుచ్చులు కట్టాడు. అది పీటలమీద కూర్చుని తల తిప్పినప్పుడల్లా పందిట్లో ఆడవాళ్ళ కళ్ళు ఆ జడమీదే.

వియ్యపురాలు మా తమ్ముణ్ణి అడగనే అడిగింది. "జడ ఎంత ముచ్చటగా ఉందండీ! ఎవరిచేత వేయించారు?"

నేను పక్కనే ఉన్నాను. వాడు వెంటనే జవాబు చెప్పలేదు. గొంతు సవరించుకున్నాడు. బ్యూటీపార్లరు పేరు ఏదో ఒకటి చెప్పేస్తాడేమో అనుకున్నాను.

"మా అబ్బాయండీ" అన్నాడు. అని, దూరంగా విస్తళ్ళ దగ్గర నిలబడ్డ కొడుకును చేత్తో చూపించాడు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. తండ్రీకొడుకులు ఇప్పటికీ ఎదురుపడితే మాటలు పొదుపుగానే వాడుతున్నారు. వాడి వీడియోలు చూడనని తమ్ముడు అంటాడు. రాత్రిళ్ళు చప్పుడు తగ్గించి చూస్తున్నారని మరదలు అంటుంది. ఎవరిమాట నిజమో నేను తేల్చను.

నేను బయలుదేరిన రోజు తమ్ముడు సికింద్రాబాదు స్టేషనుకు వచ్చి, సంచీ సీటుకింద పెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చాడు. కిందికి దిగి, కిటికీ ఊచ పట్టుకుని, ఎటో చూస్తూ, "ఆ రోజు ఆ మాట అనకుండా ఉండవలసింది అక్కయ్యా" అన్నాడు.

"అది నాతో చెబితే ఏం లాభంరా? వాడితో చెప్పు" అన్నాను.

రైలు కదిలింది. సరేనన్నట్టు తల ఊపాడనే నాకు అనిపించింది.